ప్రభుత్వ పనులలో ఉపగుత్త: చిన్న పరిశ్రమల అర్హతలు

మన విద్యార్థులలో చాలమంది ఇండ్లలో ఏదో ఒక చేతిపని ఉన్నది. కొందరి తండ్రులు లేతు మిషను నడుపుదురు. కొందరి ఇండ్లలో జర్దోజీ చట్రము గోడకు ఆనించి ఉండును. ఉక్కు బీరువాలు చేయువారు, పుస్తకములకు అట్టలు వేయువారు, యూనిఫారములు కుట్టువారు ఉన్నారు. వీరిలో పెక్కుమంది ప్రభుత్వమునకు పని చేయుచునే ఉన్నారు గాని, ఆ సంగతి ప్రభుత్వమునకు తెలియదు. రైల్వేకు చేరిన బోల్టును, ఆసుపత్రికి చేరిన దుప్పటిని, పోలీసు టోపీపై మెరయు బ్యాడ్జీని నిజముగా తయారుచేసినవాని పేరు ఏ కాగితముమీదను కనబడదు. టెండరు పట్టిన సంస్థ పేరు మాత్రమే కనబడును. చిన్న పరిశ్రమదారుడు తన పేరును ఆ కాగితముపైకి ఎట్లు తెచ్చుకొనవలెను, అందుకు చట్టము కోరు అర్హతలేవి, తెచ్చుకొనకున్నచో పోగొట్టుకొనునది ఏమి అను విషయములను ఈ వ్యాసమున మేము విచారింపదలచినాము.

ముందుగా పదముల సంగతి. తెలుగులో గుత్త యనునది ఉర్దూలో ఠేకా. ప్రభుత్వముతో నేరుగా ఒప్పందము చేసికొనినవాడు ప్రధాన గుత్తేదారు. అతడు తాను ఒప్పుకొనిన పనిలో ఒక భాగమును వేరొకనికి అప్పగించినచో అది ఉపగుత్త. మన కార్ఖానాలలో దీనిని ఎవరును ఉపగుత్త అనరు. 'జాబ్ వర్క్' అందురు. రెండును ఒకటి కావు. ఉపగుత్తలో చిన్న సంస్థ తన సరుకు తానే కొని, వస్తువును చేసి, వస్తువు ధరకు బిల్లు వేయవచ్చును. జాబ్ వర్క్‌లో సరుకు పెద్ద సంస్థది; చిన్న సంస్థ కూలి మాత్రమే వసూలు చేయును. జీఎస్టీ చట్టము ఒకరి సరుకుపై మరొకరు చేయు పనిని సేవగా ఎంచినది. అట్లు పంపిన ముడిసరుకు ఒక సంవత్సరములోగా తిరిగి రావలెను; యంత్రములైనచో మూడు సంవత్సరముల గడువు కలదు. ఈ భేదము లెక్కలవారి వినోదము కాదు. జాబ్ వర్క్ చేయువాని టర్నోవరులో కూలి మాత్రమే చేరును, ఇతరుని ఇనుము ధర చేరదు. చిన్న సంస్థ 'చిన్నది'గా నిలుచుటకు ఇది కొన్నిసార్లు నిర్ణాయకమగును.

మన ప్రాంతమునకు ఈ విషయముతో పాత సంబంధము కలదు. 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ స్థాపింపబడి, ప్రభుత్వ కొనుగోళ్ళలో చిన్న కార్ఖానాలకు చోటు కల్పించు పథకమునకు నాంది పలికినది. తరువాతి రెండు దశాబ్దములలో హైదరాబాదు చుట్టును కేంద్ర ప్రభుత్వ రంగ కర్మాగారములు వెలసినవి. రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, బాలానగరు వైపున ఔషధ కర్మాగారము, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ వచ్చినవి. ఇంత పెద్ద కర్మాగారము ప్రతి చిన్న భాగమును తానే చేయుట దండుగ. కావున బాలానగరు, సనత్‌నగరు, జీడిమెట్ల, ఉప్పల్ పారిశ్రామికవాడలలో వందలాది చిన్న కార్ఖానాలు ఆ భాగములు చేయుచు పెరిగినవి. ఆ రోజులలో వీనికి ఆనుబంధ పరిశ్రమలని పేరు. తన ఉత్పత్తిలో కనీసము సగమును ఇతర కర్మాగారములకు సరఫరా చేయు యూనిట్లకే ఆ పేరు దక్కెడిది.

అర్హతకు ఆనాడు కొలబద్ద ఒక్కటే: యంత్రములపై పెట్టుబడి. 1966లో చిన్న పరిశ్రమకు 7.5 లక్షలు హద్దు. 1975లో 10 లక్షలు, 1980లో 20 లక్షలు, 1985లో 35 లక్షలు, 1991లో 60 లక్షలు, 1997లో ఒక్కసారిగా 3 కోట్లు చేసి, 1999లో మరల 1 కోటికి దింపినారు. ఆనుబంధ పరిశ్రమలకు 1975లో 15 లక్షలు, 1985లో 45 లక్షలు వలె కొంచెము హెచ్చు హద్దు ఉండెడిది. ఈ అంకెలను కంఠస్థము చేయవలసిన పని లేదు. గమనింపదగినది ఒకటే: చిన్న పరిశ్రమ అనునది స్వభావమును బట్టి గాక, ప్రభుత్వము ఏనాటికానాడు గీసిన గీతను బట్టి నిర్ణయమగుచున్నది. నిన్న గీతకు ఆవలనున్నవాడు నేడు ఈవలకు రావచ్చును.

ఎవరు చిన్నవారు?

ఇప్పుడు అమలులోనున్నది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము. అది అదే సంవత్సరము అక్టోబరు 2న అమలులోనికి వచ్చినది. మొదట అందులోను పెట్టుబడియే కొలత. తయారీకి ఒక హద్దు, సేవకు మరొక హద్దు ఉండెడిది. 2020 జూలై 1 నుండి ఆ భేదము తొలగి, పెట్టుబడి, టర్నోవరు అను రెండు కొలతలు కలిపి వచ్చినవి. 2025 ఏప్రిల్ 1 నుండి హద్దులు మరల పెరిగినవి. దాని ప్రకారము యంత్రపరికరములపై 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు మించనిది సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్లు మించనిది చిన్న సంస్థ. 125 కోట్లు, 500 కోట్లు మించనిది మధ్యతరహా సంస్థ. రెండు కొలతలలో ఏ ఒక్కటి దాటినను పై తరగతికి పోవలసినదే. పెట్టుబడి తక్కువగానున్నది గదా యని టర్నోవరును మరచువారు ఇచ్చట తడబడుదురు.

ఇక్కడ చిన్న కార్ఖానాదారునికి మేలు చేయు మూడు వివరములు కలవు. పెట్టుబడిలో భూమి, భవనము, బల్లలు కుర్చీలు లెక్కకు రావు. యంత్రము ధర కొన్ననాటిది గాక, ఆదాయపు పన్ను రిటర్నులో తరుగుదల పోగా మిగిలినది. ఎగుమతుల విలువ టర్నోవరు నుండి తీసివేయబడును. కీడుచేయునది కూడ ఒకటి ఉన్నది: ఒకే పాన్ క్రింద ఎన్ని జీఎస్టీ నంబర్లు ఉన్నను అన్నిటిని ఒకే సంస్థగా లెక్కింతురు. ఒకడు సనత్‌నగరులో ఒక షెడ్డు, విజయవాడలో ఒక షెడ్డు తన పేరుననే నడుపుచు, ప్రతి షెడ్డును వేరొక చిన్న సంస్థగా చూపింపజాలడు.

చట్టమునకు, కొనుగోలు విధానమునకు మధ్యతరహా సంస్థలు సమానము కావు. కొనుగోలులో ప్రాధాన్యము, ఆలస్యమైన చెల్లింపుపై వడ్డీ, రెండును సూక్ష్మ, చిన్న సంస్థలకే. పెరుగుట కూడ ఒక ఇబ్బందియే యని భయపడనక్కరలేదు. పై తరగతికి పోయిన సంస్థకు పన్నేతర సౌకర్యములు మూడు సంవత్సరముల పాటు కొనసాగునట్లు 2022 అక్టోబరులో ఉత్తర్వు వెలువడినది.

తరగతిలో చేరుట ఒక ఎత్తు, ఆ సంగతిని నిరూపించుట మరొక ఎత్తు. నిరూపణకు ఉద్యం నమోదు ఒక్కటే మార్గము. దానికి రుసుము లేదు, దస్తావేజులు అంటించనక్కరలేదు, స్వీయ ప్రకటన చాలును. సొంత వ్యాపారమైనచో యజమాని ఆధార్, భాగస్వామ్యమైనచో నిర్వాహక భాగస్వామి ఆధార్ కావలెను. ఒక సంస్థకు ఒక్క నమోదే. పూర్వపు ఉద్యోగ్ ఆధార్ పత్రములు 2022 జూన్ 30తో కాలము చెల్లినవి. వానిని గోడపై చట్రములో తగిలించుకొనినవారు నేటికిని ఉన్నారు. ఉచితమైన ఈ నమోదుకు డబ్బు తీసికొను మధ్యవర్తులు కూడ ఉన్నారు. వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థి తన వీధిలోని పదిమందికి ఈ పని చేసి పెట్టగలడు. ఇందుకు పావుగంట, ఒక చేతిఫోను కావలెను.

వర్తకుల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2021 జూలైలో చిల్లర, టోకు వర్తకులకును ఉద్యం నమోదుకు అనుమతి వచ్చినది. కాని అది బ్యాంకుల ప్రాధాన్యరంగ ఋణముల వరకే. ప్రభుత్వ కొనుగోలు విధానము తాము స్వయముగా తయారుచేసిన వస్తువులకు, తాము చేసిన సేవలకు మాత్రమే వర్తించును. ఎక్కడో కొని తెచ్చి అమ్మువానికి చేతిలో ఉద్యం పత్రమున్నను ఈ విధానములో చోటు లేదు. ఈ ఒక్క కారణము చేతనే ఎందరి టెండర్లో తిరస్కరింపబడుచున్నవి. అట్లే విధానములోని మాటలు 'వస్తువులు, సేవలు' అని యుండుట వలన, రోడ్డు, భవనము వంటి నిర్మాణపు పనికి టెండరు వేయునప్పుడు ఈ సౌకర్యములు తమకు తప్పక దక్కునని ముందే లెక్కవేసికొనరాదు.

కొనుగోలు విధానము

2006 చట్టములోని 11వ సెక్షను ఇచ్చిన అధికారము క్రింద కేంద్రము 2012 మార్చి 23న సూక్ష్మ, చిన్న సంస్థల ప్రభుత్వ కొనుగోలు విధానపు ఉత్తర్వును వెలువరించినది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 20 శాతము ఈ సంస్థల నుండి కొనవలెనని అందులో నిర్దేశించినారు. 2015 ఏప్రిల్ నుండి అది విధిగా మారినది. 2018 నవంబరులో సవరించి, 2019 ఏప్రిల్ నుండి 25 శాతము చేసినారు. ఆ 25లో 4 షెడ్యూల్డు కులములు, తెగలవారి సంస్థలకు, 3 మహిళల సంస్థలకు. అల్పసంఖ్యాక వర్గములకు వేరు భాగమేదియు లేదు. కాని మిగిలిన 18 శాతములో పోటీపడుటకు మతము, భాష అడ్డు రావు. ఇచ్చట ఒక మాట. మహిళల భాగము కొరకు తల్లి పేరునో అక్క పేరునో నమోదు చేయించి, ఆమెకు బ్యాంకు ఖాతాపై సంతకము తప్ప మరేమియు తెలియకుండ ఉంచు అలవాటు మేము మెచ్చజాలము. ఉద్దేశపూర్వకముగా తప్పుడు ప్రకటన చేసినచో చట్టములోని 27వ సెక్షను క్రింద జరిమానా ఉన్నది. అంతకుమించి, జర్దోజీ చట్రము ముందు కూర్చుండి నిజముగా పనిచేయు స్త్రీకి దక్కవలసిన ఆర్డరును అది తన్నుకొనిపోవుచున్నది.

ధర విషయములో విధానము ఎట్లు పనిచేయునో ఒక ఊహా ఉదాహరణ చెప్పెదము. ఒక శాఖ 10,000 సంచులకు టెండరు పిలిచినది. ఒక పెద్ద సంస్థ సంచికి 100 రూపాయలు పలికి అందరికంటె తక్కువవాడైనది. కార్యాలయ పరిభాషలో అది 'ఎల్-1'. మన చిన్న సంస్థ 112 రూపాయలు పలికినది. 100పై 15 శాతము కలిపిన 115 లోపల ఉన్నది గనుక, 100 రూపాయలకే ఇచ్చెదనని ఒప్పుకొనినచో దానికి 2,500 సంచుల వరకు ఆర్డరు దక్కును. 116 పలికియున్నచో ఆ అవకాశము లేదు. విడదీయరాని పనియైనచో మొత్తము ఆర్డరునే ఇచ్చుటకు వీలు కలదు. ఎల్-1 అయినవాడే చిన్న సంస్థ అయినచో ఈ గణితము అవసరమే లేదు. కావున ధర పలుకునప్పుడు 100 రూపాయలకు చేసినను మిగులు ఉండునా యను ప్రశ్న ముందే వేసికొనవలెను. తమ శక్తికి మించి ధర తగ్గించి, ఆర్డరు తెచ్చుకొని, అప్పులపాలైన కార్ఖానాలు తక్కువ కావు.

ఇంకను, చిన్న సంస్థలకు టెండరు పత్రములు ఉచితము, ధరావతు మినహాయింపు. పని దక్కిన పిదప కట్టవలసిన పనితీరు హామీకి మాత్రము ఈ మినహాయింపు లేదు. చాలమంది రెండింటిని ఒకటిగా తలచి ఆర్డరు చేతికి వచ్చిన పిమ్మట డబ్బు కొరకు పరుగులెత్తుదురు. పూర్వానుభవము, పూర్వపు టర్నోవరు నియమములను సడలింపవచ్చును. కాని నాణ్యత, సాంకేతిక ప్రమాణములలో సడలింపు లేదు. ప్రజల భద్రతకు, ఆరోగ్యమునకు సంబంధించిన వస్తువులలో శాఖ ఆ సడలింపును ఇవ్వక నిరాకరింపవచ్చును.

358 వస్తువులను చిన్న సంస్థల నుండియే కొనవలెనని ప్రత్యేకించినారు. చీపురు, బక్కెట్టు, ముళ్ళతీగ, బ్యాండేజీ గుడ్డ, తోలు బెల్టు, ఉక్కు బీరువా, గుడ్డపై కుట్టుపనితో చేయు బ్యాడ్జీ మొదలైనవి ఈ జాబితాలోనివి. చార్మినారు చుట్టుప్రక్కల గల్లీలలో నేర్చిన చేతులు చేయగలవి ఇందులో ఎన్నో ఉన్నవి. చిన్న పరిశ్రమలే ఉత్పత్తి చేయవలెనను పాత ఉత్పత్తి రిజర్వేషను వేరు. 1967లో 47 వస్తువులతో మొదలైన అది 2015 ఏప్రిల్‌లో పూర్తిగా ముగిసినది. కొనుగోలు రిజర్వేషను వేరు.

ఈ విధానము కేంద్ర శాఖలకు, కేంద్ర సంస్థలకు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వములకు తమ తమ నియమములు ఉండును. రక్షణశాఖలో ఆయుధ వ్యవస్థలు, క్షిపణులు వంటివి ఈ పరిధికి వెలుపల ఉంచబడినవి. ఆ కర్మాగారముల చుట్టు బ్రతుకుచున్న మన నగరపు కార్ఖానాదారులు ఈ మినహాయింపును గుర్తుంచుకొనవలెను.

ఉపగుత్త స్థానము

ఈ విధానములో మన విషయమునకు ప్రాణము వంటి వాక్యము ఒకటి కలదు: ప్రధాన గుత్తేదారు చిన్న సంస్థకు ఉపగుత్త ఇచ్చినచో, అది చిన్న సంస్థ నుండి చేసిన కొనుగోలుగానే లెక్కకు వచ్చును. దీని ఫలితము పైకి కనబడునంత చిన్నది కాదు. 25 శాతము పూర్తి చేయవలసిన శాఖ, తన పెద్ద గుత్తేదారును 'మీ క్రింద పనిచేయు చిన్న సంస్థల ఉద్యం నంబర్లు ఇవ్వుడు' అని అడుగుటకు కారణము ఏర్పడినది. ఉద్యం నమోదు ఉన్న ఉపగుత్తేదారు ఆ లెక్కలో అక్కరకు వచ్చును. నమోదు లేనివాడు ఎంత మంచి పనివాడైనను ఆ లెక్కలో సున్న. బేరమాడునప్పుడు చిన్నవాని చేతిలోనున్న కొద్దిపాటి బలములలో ఇది ఒకటి.

అయినను పెద్ద గుత్తేదారు ప్రతివాడును ముందుగానే ఉపగుత్త ప్రణాళిక సమర్పింపవలెనను సాధారణ నియమము మన విధానములో లేదు. అమెరికాలో అట్టి నియమమున్నది. అచ్చట 1953లో చిన్న వ్యాపారముల పరిపాలన సంస్థ ఏర్పడినది. 1978 నాటి చట్టసవరణ తరువాత, నిర్ణీత విలువకు మించిన ఫెడరల్ గుత్త పొందు పెద్ద సంస్థ, తన ఉపగుత్తలలో ఎంత శాతము చిన్న సంస్థలకు ఇచ్చునో తెలుపు ప్రణాళికను ఇచ్చితీరవలెను. నేరు గుత్తలలో చిన్న సంస్థలకు 23 శాతము లక్ష్యము. అచ్చట చిన్నతనమునకు కొలత పరిశ్రమను బట్టి మారును: కొన్నిటికి ఉద్యోగుల సంఖ్య, కొన్నిటికి సగటు వార్షిక రాబడి. ఒకరి అదుపులోనున్న అనుబంధ సంస్థలన్నిటిని కలిపి లెక్కింతురు. చిన్న సంస్థలకే ప్రత్యేకించిన సేవా గుత్తను పొందినవాడు అందులో సగమునకు మించిన సొమ్మును తనవంటివి కాని సంస్థలకు మరలింపరాదు. పేరు చిన్నవానిది, పని పెద్దవానిది అను వేషమును అరికట్టుటకే ఈ నియమము. అచ్చట కంప్యూటరు సేవల సంస్థలు నడుపు మన తెలుగువారికి ఇది సుపరిచితము. మన దేశమున ఈ వేషమునకు అంతటి గట్టి అడ్డు లేదని మా అభిప్రాయము.

మన వద్ద ఉపగుత్తకు మొదటి షరతు అనుమతి. కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందపు నియమములలో గాని, రైల్వే నియమములలో గాని, ఇంజనీరు లేక అధికారి వ్రాతపూర్వకముగా ముందే అంగీకరింపనిదే పనిని ఇతరులకు ఇవ్వరాదని ఉన్నది. అనుమతి లేకుండ పని చేసినవాడు, గుత్త రద్దయినచో, ప్రభుత్వము వైపు చూడజాలడు. ప్రభుత్వమునకు అతనికి మధ్య ఒప్పందమే లేదు. కావున అనుమతి పత్రము నకలు అడిగి తీసికొనుట మర్యాదకు భంగము కాదు. రెండవది, పనివాండ్ర భవిష్యనిధి, ఈఎస్‌ఐ చందాలు. ఉపగుత్తేదారు వీనిని కట్టనిచో ఆ భారము పైవానిపై పడును గనుక, అతడు మొదట ఆపునది చిన్నవాని బిల్లునే. మూడవది, వ్రాతమూలకమైన పర్చేజ్ ఆర్డరు. చుట్టరికము మీదనో, ఒకే మసీదులోనో ఒకే గుడిలోనో కలిసిన పరిచయము మీదనో నోటిమాటతో పని మొదలుపెట్టు అలవాటు మన కార్ఖానాలలో ఎంతో గౌరవనీయమైనది. బిల్లు ఆగిన నాడు ఆ నోటిమాటను ఏ న్యాయస్థానములో చూపవలెను?

బిల్లు, బకాయి

ఉపగుత్తేదారుని దెబ్బతీయునది అర్హత లేకపోవుటకంటె ఎక్కువగా ఆలస్యపు చెల్లింపు. 'సర్కారు నుండి మాకు వచ్చిన తరువాత మీకిచ్చెదము' అను మాట వినని కార్ఖానా లేదు. దానిని ఒప్పందములోనే వ్రాయించుకొనువారును ఉన్నారు. 2006 చట్టపు 15వ సెక్షను దీనికి సమాధానము చెప్పినది. ఒప్పందములో గడువు వ్రాసికొనినచో ఆ గడువులోగా చెల్లించవలెను. కాని ఆ గడువు ఎట్టి పరిస్థితిలోను 45 దినములు మించరాదు. గడువే వ్రాసికొననిచో 15 దినములు. ఈ సెక్షను ప్రభుత్వ శాఖకే గాక కొనువాడెవడైనను వర్తించును. ప్రైవేటు ప్రధాన గుత్తేదారు కూడ కొనువాడే. ఇతర చట్టములలో ఏమున్నను ఇవియే చెల్లునని 24వ సెక్షను చెప్పుచున్నది. కావున సర్కారు బిల్లు రాలేదను సాకు 45 దినముల తరువాత నిలువదు.

దినములు ఎప్పటి నుండి లెక్కింపవలెనను ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. సరుకు అందిన 15 దినములలోగా కొనువాడు వ్రాతపూర్వకముగా అభ్యంతరము చెప్పనిచో, అందిన దినమే అంగీకరించిన దినముగా భావింపబడును. అభ్యంతరము చెప్పినచో అది తీరిన దినము. ఇందువలన డెలివరీ చలానుపై తేదీతో కూడిన ముద్ర, సంతకము వేయించుకొనుట కార్ఖానా కుర్రవాని మొదటి విధిగా ఉండవలెను. గేటు వద్ద సరుకు దింపి వచ్చినాను అను మాటకు తేదీ లేదు.

గడువు దాటినచో 16వ సెక్షను ప్రకారము రిజర్వుబ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలకు అసలులో కలుపుచు, చెల్లించవలెను. లెక్క సులభమగుటకు బ్యాంకు రేటు 6 శాతమనుకొందము. మూడు రెట్లు 18, అనగా నెలకు ఒకటిన్నర. 2,00,000 రూపాయల బిల్లు ఆరు నెలలు ఆలస్యమైనచో అది సుమారు 2,18,689 రూపాయలగును. ఈ వడ్డీని కొనువాడు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపరాదు. 2023 ఆర్థిక చట్టము మరొక మెట్టు ఎక్కినది: 15వ సెక్షను గడువు దాటిన అసలు బాకీని కూడ నిజముగా చెల్లించిన సంవత్సరములోనే ఖర్చుగా చూపవలెనని నిర్ణయించినది. ఇది 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన పిదప, మార్చి నెలాఖరున చిన్నవారి బిల్లులకు కొంత కదలిక కలిగినదని కార్ఖానాదారులు చెప్పుదురు. బాకీ పడునని భయపడి కొందరు పెద్దలు నమోదైన చిన్న సంస్థలనే విడిచి, నమోదు లేనివారి వద్దకు పోయినారను మాటయు విన్నాము.

వడ్డీకై వేచియుండక వెంటనే డబ్బు కావలసినవానికి ట్రెడ్స్ అను ఏర్పాటు ఉన్నది. 2014 డిసెంబరులో రిజర్వుబ్యాంకు దీనికి మార్గదర్శకములు వెలువరించగా, 2017 నుండి పని మొదలైనది. కొనువాడు అంగీకరించిన బిల్లుపై బ్యాంకులు పోటీపడి ధర పలుకును. చిన్న సంస్థకు తరుగు పోగా డబ్బు ముందే చేరును. కొనువాడు తరువాత ఎగవేసినను బ్యాంకు చిన్న సంస్థను తిరిగి అడుగరాదు. 250 కోట్లకు మించిన టర్నోవరు గల కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఇందులో చేరవలెనని 2024 నవంబరులో ఉత్తర్వు వచ్చినది. ప్రధాన గుత్తేదారు ఈ హద్దుకు మించినవాడా కాదా యని ఆర్డరు తీసికొనకముందే విచారించుట మంచిది.

బిల్లు ఎంతకును రానిచో, ఫెసిలిటేషన్ కౌన్సిలు ఎదుట దరఖాస్తు పెట్టవచ్చును. కొనువాడు దేశములో ఎక్కడనున్నను, అమ్మినవాని రాష్ట్రములోని కౌన్సిలుకే విచారణాధికారము. హైదరాబాదు కార్ఖానాదారుడు ఢిల్లీ సంస్థపై ఫిర్యాదుకు ఢిల్లీ పోనక్కరలేదు. పోర్టలు ద్వారా దీనిని ఇంటి నుండియే దాఖలు చేయవచ్చును. 90 దినములలో తీర్పు రావలెనని చట్టము. ఆచరణలో అంతకు చాల మించుచున్నది. తీర్పును సవాలు చేయదలచిన కొనువాడు ముందుగా అందులో 75 శాతము న్యాయస్థానములో జమకట్టవలెను.

ఈ హక్కులన్నియు నమోదు తేదీపై ఆధారపడును. ఒప్పందము నాటికి నమోదు లేనివాడు పిదప నమోదు చేయించుకొని పాత బాకీలకు ఈ చట్టపు లాభము కోరజాలడని సుప్రీంకోర్టు 2021లోను, 2022 అక్టోబరులోను చెప్పినది. 2025 జనవరిలో అదే న్యాయస్థానము ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. ఆ వివాదముతో పనిపడకుండ ఉండుటకు, మొదటి ఆర్డరుపై సంతకము చేయుటకు ముందే ఉద్యం నంబరు తీసికొని, ఆ నంబరును ప్రతి బిల్లుపైన, ప్రతి చలానుపైన అచ్చువేయించవలెను.